కాలిపోయిన పుస్తకానికి వారసులు

మెయిన్ రాష్ట్రం, వాషింగ్టన్ కౌంటీ, టార్బెల్ హార్బర్ కాపురస్తురాలిని, కీర్తిశేషులు అమాసా, లొవీనా టిబెట్స్ దంపతుల కుమార్తెను, అవివాహితను, అరవై తొమ్మిదేళ్ళ వయసు గలదానిని, వృత్తిరీత్యా కవయిత్రిని, కథకురాలిని అయిన ఓర్ఫా టిబెట్స్ అనే నేను, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది.

నా మతి స్థిమితంగానే ఉందని మా ఊరి డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఇది ఏ సంవత్సరం, దేశానికి అధ్యక్షుడెవరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత అని మూడు ప్రశ్నలడిగాడు. మూడింటికీ జవాబు చెప్పాను. ఆ డాక్టరు కవిత్వం రాస్తాడు, నెలకోసారి నాకు పంపిస్తాడు. అతని మతి గురించి నన్నెవరూ అడగలేదు.

ఇంతకుముందు నేను రాసిన నాలుగు వీలునామాలూ ఇందుమూలముగా రద్దు చేస్తున్నాను. ఆ నాలుగూ ఎవరో ఒకరిని ఏడిపించడానికి రాసినవి. ఇందులోనూ ఆ పని కొంత జరుగుతుంది గానీ, రాయడానికి కారణం మాత్రం వేరు.

1. ఈ వీలునామాకు అమలుకర్తగా లాయరు మిస్ అయోనీ ఫార్నమ్‌ను నియమిస్తున్నాను. కౌంటీలో ఇంకా ఎనిమిదిమంది లాయర్లున్నారు. వాళ్ళందరూ నా పుస్తకాలు చదివామని చెప్పారు. అయోనీ ఒక్కతే, "నేను చదవలేదండీ, నాకు కథలంటే నిద్రొస్తుంది" అంది. అబద్ధం ఆడని లాయరు దొరికాక ఇంకొకరి కోసం వెతకడం దండగ.

2. నా అంత్యక్రియల్లో కవిత్వం చదవకూడదు. ముఖ్యంగా పొగమంచు మీద నేను రాసిన ఆ పద్దెనిమిది లైన్లు. ఈ రాష్ట్రంలో ప్రతి పిల్లా పిల్లవాడూ నలభై ఏళ్ళుగా వాటిని అప్పజెప్పి నన్ను తిట్టుకుంటున్నారు. ఆ లైన్లు నాకు ఇరవై మూడేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం, పళ్ళనొప్పితో ఉండగా వచ్చాయి. నొప్పి తగ్గింది, పద్యం మిగిలింది. పాస్టరు నా గురించి మంచి మాటలు చెప్పదలిస్తే, నేను బతికుండగా ఒక్కటీ ఎందుకు చెప్పలేకపోయాడో ముందు అది చెప్పాలి.

3. టార్బెల్ హార్బర్ మహిళా గ్రంథాలయ సంఘానికి నా కథల పుస్తకం "కత్తెర చేతులు" ఒక ప్రతి దఖలు పరుస్తున్నాను. ఇది వాళ్ళదే. పద్నాలుగో ఏట నుంచి పంతొమ్మిదో ఏట దాకా నేను చేపల ఫ్యాక్టరీలో పనిచేశాను. పడవ రేవులోకి రాగానే ఫ్యాక్టరీ కూత వేసేది. చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాళ్ళం. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని, చేపల తలలూ తోకలూ కత్తెరతో కత్తిరించి డబ్బాల్లో పేర్చేవాళ్ళం. అక్కడి ఆడవాళ్ళు ఎలా మాట్లాడుకునేవాళ్ళో అలాగే ఆ కథల్లో రాశాను. అప్పటి సంఘం కార్యదర్శి నలభై ఒక్క చోట్ల నల్లసిరా పూసి, ఆ పైన పుస్తకాన్ని బీరువా వెనక పారేసింది. ఇరవై రెండేళ్ళ తర్వాత నాకు పేరొచ్చింది. అప్పుడు అదే సంఘం నా పేరుతో చదువుల గది కట్టి రిబ్బన్ కత్తిరించమంది. వెళ్ళాను, కత్తిరించాను, బీరువా వెనక చెయ్యి పెట్టి పుస్తకం తీసుకుని ఇంటికొచ్చాను. ఇప్పుడు తిరిగి ఇస్తున్నాను. సిరా పూసిన చోట ఏ మాట ఉండేదో అంచుల్లో పెద్ద అక్షరాలతో రాశాను. కళ్ళు సరిగ్గా కనబడని సభ్యులకు కూడా ఇబ్బంది ఉండదు.

4. హార్ట్‌వెల్ కాలేజీ ఆచార్యుడు డాక్టర్ ప్రెస్కాట్ వీమ్స్‌కు నా వంటింట్లోని ఇనప కట్టెల పొయ్యి, దాని మూతలు, బూడిద డబ్బాతో సహా ఇస్తున్నాను.

ఎందుకో చెప్పాలి. నేను అచ్చువేసిన ఆరు పుస్తకాల మీద ఈ మనిషి ఆరు పేజీలు కూడా రాయలేదు. నేను అచ్చువెయ్యని ఒక్క పుస్తకం మీద మూడువందల నలభై పేజీల గ్రంథం రాశాడు. "నిప్పు మింగిన మహానవల" అని దానికి పేరు. 1947లో నా తమ్ముడు పొయ్యిలో పెట్టిన నా నవల "రాతి తిన్నె" గురించి అన్నమాట. అందులో ఒక్క వాక్యం కూడా చూడకుండానే, అమెరికా గద్యం ఆ రోజు అనాథ అయిందని ఆయన తేల్చాడు. ఏటా మార్చిలో కాలేజీలో సభ పెట్టిస్తాడు. కోట్లు తొడుక్కున్న ముప్పైమంది చేరి, లేని పుస్తకంలో సముద్రం దేనికి ప్రతీక అని కొట్టుకుంటారు. మధ్యాహ్నం పాలు పోసి కాచే మా వైపు చేపల పులుసు తాగుతారు, అదీ పాలు విరిగినది.

మూడేళ్ళ క్రితం ఆయన మా ఇంటికొచ్చి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మిస్ టిబెట్స్, ఒక్కసారి దీన్ని ముట్టుకోవచ్చా?" అన్నాడు.

"ముట్టుకో నాయనా, చెయ్యి కాలుతుంది. కాఫీ కాస్తున్నాను" అన్నాను.

ముట్టుకున్నాడు. కాలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది నొప్పి వల్ల కాదని తర్వాత వ్యాసంలో రాసుకున్నాడు.

పొయ్యి ఆయనకే. కానీ ఒక షరతు ఉంది, అది ఏడో అంశంలో చెబుతాను. ఈలోగా ఆయన ఐదో అంశం నిలబడి చదవాలి. కూర్చుని చదివితే కుర్చీలోంచి పడతాడని భయం.

5. "రాతి తిన్నె" అనే నవల విషయమై నేను ప్రమాణపూర్వకంగా తెలియజేసేది ఏమనగా:

అది చెడ్డ పుస్తకం.

నాలుగువందల పన్నెండు టైపు పేజీలు, ఒకటే ప్రతి. నాన్న చనిపోయిన ఏడు మొదలుపెట్టి రెండేళ్ళు రాశాను. నాన్న గురించిన నవల అది. మొదటి వంద పేజీలు బోస్టన్‌లోని నా ప్రచురణకర్తకు పంపాను. అక్కడి సంపాదకుడు తిప్పి పంపుతూ ఉత్తరం రాశాడు: "ఇందులో గాలి ఉంది, అలలు ఉన్నాయి, మనిషి మాత్రం ఒక్కడూ లేడు." ఆ ఉత్తరం ముప్పై రెండేళ్ళుగా నా నిఘంటువు అట్టలో దాచాను. దీనికి జతచేస్తున్నాను. ఆ సంపాదకుణ్ణి పదేళ్ళపాటు మూర్ఖుడని అందరి దగ్గరా చెప్పాను. నేను కలిసిన సంపాదకుల్లో మూర్ఖుడు కానివాడు అతనొక్కడే.

నాకే తెలిసిపోయింది. ఆ చలికాలమంతా రోజూ పొద్దున్నే టైపు మిషను ముందు కూర్చుని, చచ్చిన చేపను నీళ్ళల్లో వదిలి ఈదమన్నట్టు ఆ పుస్తకాన్ని తోశాను. మా నాన్న జన్మలో సముద్రంతో మాట్లాడిన మనిషి కాదు, తిట్టిన మనిషి. నా నవల్లో ఆయన పేజీలకు పేజీలు దాంతో మాట్లాడతాడు. అది నా పిరికితనం. ఆయన చేసిన పనిని ఉన్నదున్నట్టు రాయలేక ఆయన నోట్లో గొప్ప మాటలు పెట్టాను.

1947 మార్చి పదకొండు, మంగళవారం. ఇంకో ఏడాది గడువు కావాలని ప్రచురణకర్తకు రాసిన ఉత్తరం పోస్టు చెయ్యడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. నా తమ్ముడు ఎనాక్ ఈ వంటింట్లోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి చన్నీళ్ళ గిన్నెలో ఉంది. బల్ల మీద నా పేజీల పెట్టె ఖాళీగా ఉంది.

"నాన్న పోయాడక్కా. నువ్వు ఆయన్ని మళ్ళీ చంపక్కర్లేదు" అన్నాడు.

నేను అరిచాను. ఆ అరుపు వీధిలో మూడిళ్ళ దాకా వినబడిందని వీమ్స్ గ్రంథంలో ఉంది, నిజమే. కానీ ఆ అరుపుకు ముందు ఒక క్షణం గడిచింది, అది ఏ గ్రంథంలోనూ లేదు. ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు. మంచు కురిసింది, ఇవాళ బడి లేదు అన్నప్పుడు చిన్నపిల్లకు ఎలా ఉంటుందో అలా ఉంది. ఇక ఆ పుస్తకం రాయక్కర్లేదు. బాగాలేదని ఎవరూ అనరు. తప్పు నాది కాదు.

ఆ తర్వాతే అరిచాను.

అరుపుతో ఆగినా బాగుండేది. బోస్టన్ పత్రికవాడు వచ్చాడు. నేను రాసినవాటన్నిట్లోకీ అదే గొప్పదని అతనికి చెప్పాను. రాసుకున్నాడు, అచ్చేశాడు. అక్కణ్ణుంచి అది నాకు పింఛను లాంటిదైంది. ఆ తర్వాత నేను రాసిన ప్రతి పుస్తకానికీ, "కాలిపోయినదాని పక్కన ఇదెంత" అనేవాళ్ళు. అంటే ఇది బాగోకపోయినా ఫరవాలేదన్నమాట. నాకు రెండు బహుమతులొచ్చాయి. రెండూ ఆ బూడిదకు వచ్చినవే.

ఎనాక్‌కు ఏమొచ్చిందో కూడా రాస్తాను. అతను పడవలు కట్టే మనిషి. అతని మాట మంచిది, కొయ్య మంచిది. ఆ ఏడు చర్చిలో సంఘపెద్దగా ఎన్నుకోవాల్సినవాణ్ణి ఎన్నుకోలేదు. మంగలి షాపులో, "ఏం ఎనాక్, చలి ముదిరింది, మీ అక్క ఇంకేమన్నా రాసిందా?" అని నవ్వేవాళ్ళు. వేసవిలో కాలేజీ పిల్లలు బస్సులో వచ్చి అతని పడవల కొట్టం ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు. నా తమ్ముడు తెలివైనవాడని నేను ఎన్నడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఇంకొకరి కాగితాలు పొయ్యిలో పెట్టడం నీచమైన పని. కానీ అతనికి పడాల్సిన శిక్ష ఒక చెడ్డ పుస్తకం కాల్చినందుకు. పడింది మహాకావ్యం కాల్చినందుకు.

1953లో, ఒక ఆదివారం చర్చి అయ్యాక, అతను మా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. టోపీ చేతిలో ఉంది.

"అక్కా, ఒక్కటి చెప్పు. అది నిజంగా మంచి పుస్తకమేనా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. వీధిలో ఎవరూ లేరు. "బాలేదురా" అంటే సరిపోయేది.

"నేను రాసినవాటన్నిట్లోకీ మంచిది" అన్నాను.

అతను కాసేపు టోపీ వైపు చూశాడు. "అలాగైతే నన్ను క్షమించకు" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇరవై ఐదేళ్ళయింది. మా ఇళ్ళ మధ్య దూరం అర మైలు.

6. నా తండ్రి అమాసా టిబెట్స్ విషయమై ప్రమాణపూర్వకంగా తెలియజేసేది ఏమనగా:

1924 అక్టోబరులో చేపల పడవ "లొవీనా" ముసలి ఎద్దు అనే రాతి తిన్నెకు కొట్టుకుని మునిగింది. చుక్కాని చక్రం దగ్గర తాగి ఉన్నది కెప్టెన్ అమాసా టిబెట్స్. ఇంజను చూసుకునే లైమన్ ఆలీ కింది గదిలో నిద్రపోతున్నాడు, ఆ నిద్రలోనే మునిగిపోయాడు.

మూడు వాక్యాలు. ఈ మూడు వాక్యాల కోసం నాలుగువందల పన్నెండు పేజీలు పాడుచేసి, ఆపైన ముప్పై ఒక్క ఏళ్ళు ఊరుకున్నాను.

నాన్న ఒడ్డుకు ఈదుకొచ్చి, చక్రం లైమన్ చేతిలో ఉందని, లైమన్ తాగి ఉన్నాడని ఊరికి చెప్పాడు. చచ్చినవాడు కాదనలేడు కదా. చావుమంచం మీద నాకూ ఎనాక్‌కూ నిజం చెప్పి, తేలికపడి పోయాడు. ఆయన మంచి తండ్రి. నాకు చదువు చెప్పించాడు, మొదటి నోటుపుస్తకం కొనిపెట్టాడు. ఆయన చేసిన నేరాన్ని ఎలా రాయాలో తెలియక ఇంతకాలం ఆయన మీద కోపగించుకున్నాను. చివరికి ఆయన చేసిందే నేనూ చేశాను. ఒక తేడా ఉంది, నేను తప్పు మోపినవాడు బతికే ఉన్నాడు.

లైమన్ కూతురు డోర్కస్ ఆలీ నా ఈడుది. ఫ్యాక్టరీలో నా పక్కనే నిలబడేది. నా వేళ్ళకు గుడ్డ చుట్టడం నేర్పింది ఆమే. మిగతా ఆడవాళ్ళు ఆమెను పేరు పెట్టి పిలవలేదు, "పడవ ముంచినోడి కూతురు" అనేవాళ్ళు. వాళ్ళ అమ్మను పరామర్శించడానికి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

1961లో డోర్కస్ నన్ను పోస్టాఫీసు దగ్గర ఆపింది.

"ఓర్ఫా, ఆ కాలిపోయిన పుస్తకంలో మా నాన్న ఉన్నాడట గదా?"

"ఉన్నాడు."

"తాగినట్టే రాశావా?"

"లేదు."

ఆమె చేతిలో ఉత్తరాలు సర్దుకుంది. "మరి మళ్ళీ రాయకూడదూ? ఓ నాలుగు ముక్కలైనా. నువ్వు రాస్తే జనం నమ్ముతారే" అంది.

అప్పుడు నేను, గొప్ప కళాకారిణిని కదా, "అలాంటి పుస్తకం రెండోసారి రాయడం ఎవరి తరం కాదు డోర్కస్" అన్నాను. ఆమె నాకు సానుభూతి చెప్పింది. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. నా జీవితంలో నేను అనుభవించిన అసహ్యాలన్నిట్లో పెద్దది ఆ నిమిషంలో నా మీద నాకు పుట్టింది. అయినా మెట్లు దిగి ఇంటికొచ్చి భోజనం చేశాను.

ఆ చలికాలం బోస్టన్ వెళ్ళినప్పుడు ఆమె కాలి కొలతకు ఉన్ని లోపల పెట్టిన బూట్లు కొన్నాను. ఇవ్వడానికి మొహం చెల్లలేదు. పదహారేళ్ళుగా నా మంచం కింద కాగితం చుట్టి ఉన్నాయి. అవి డోర్కస్ ఆలీకి చెందాలి. ఆమె వాటిని సముద్రంలో పారేసినా అది ఆమె ఇష్టం. అలాగే నా కథల పుస్తకం మీది సర్వహక్కులూ ఆమెవే. ఆ పుస్తకంలోని మంచి మాటల్లో సగం ఆమె నోటివి, ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడి అన్నవి.

ఈ ఆరో అంశం నా మరణానంతరం జరిగే మొదటి మార్చి ఊరిసభలో, రోడ్ల మరమ్మతు గురించి కొట్టుకోవడం మొదలుపెట్టకముందే, అందరూ కూర్చుని ఉండగా గట్టిగా చదవాలి.

7. పదకొండు పేజీల గురించి.

మొన్న ఆగస్టులో ఎనాక్ భార్య వెర్నా మా ఇంటికొచ్చింది. పాతికేళ్ళలో ఆమె మా గడప తొక్కడం అదే మొదలు. బిస్కట్ల రేకుడబ్బా చంకలో పెట్టుకుని, కోటు విప్పకుండా నిలబడింది.

"వదినా, ఆయనకి తెలీకుండా తెచ్చాను. నాకూ వయసైపోతోంది, మేం పోయాక ఇవి ఎవరో చెత్తలో పారేస్తారు. నీ దగ్గరుండాలివి."

మూత తీశాను. అంచులు కాలిన కాగితాలున్నాయి. 207 నుంచి 217 దాకా.

ఆ రోజు పేజీలన్నీ పొయ్యిలో పెట్టాక, మంట అందుకున్నాక, అతను చెయ్యి పెట్టాడట. దొరికినన్ని లాగాడట. ఆ చన్నీళ్ళ గిన్నె అందుకు. చెయ్యి ఎందుకు కాలిందని ఆ రోజు నేను అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

"ఏటా మార్చిలో తీసి చూస్తాడు, మళ్ళీ బైబిలు పక్కన పెట్టేస్తాడు" అంది వెర్నా. "చదవడు. నేను చదవబోతే కూడా ఒప్పుకోడు. మనకా అర్హత లేదే అంటాడు. ఎంత గొప్ప పుస్తకమో, కొంచెమైనా మిగిలింది గదా వదినా."

ఆమె వెళ్ళాక చదివాను. నాకు గుర్తున్నదానికంటే అధ్వాన్నంగా ఉంది. ఒక్క పేజీలో సముద్రం మూడుసార్లు విలపించింది. నాన్న చుక్కాని పట్టుకుని ఆకాశాన్ని ఉద్దేశించి ఒక పేజీన్నర ఉపన్యాసం ఇచ్చాడు. తాగి ఉన్నవాడు అంత పొడుగు వాక్యాలు మాట్లాడలేడని ఫ్యాక్టరీలో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. లైమన్ ఆలీ అసలు కనబడనే లేదు. ఇన్నాళ్ళూ ఒక ముసలివాడు ఈ చెత్తను బైబిలు పక్కన పెట్టి కాపాడాడు.

కాబట్టి ఇందుమూలముగా నిర్దేశిస్తున్నాను: ఈ పదకొండు పేజీలూ, సంపాదకుడి ఉత్తరం, ఈ వీలునామా ఐదో అంశం యథాతథంగా డాక్టర్ వీమ్స్ తన పత్రికలో అచ్చువెయ్యాలి. ఒక్క కామా దిద్దకూడదు. "అసంపూర్ణ దశలోనిది" లాంటి ముందుమాటలు రాయకూడదు. అది సంపూర్ణమే. ఈ షరతు పాటిస్తేనే పొయ్యి ఆయనది, నా మిగతా కాగితాలు ఆయన కాలేజీవి. పాటించకపోతే పొయ్యి పాతసామాన్లవాడికి, కాగితాలు బోస్టన్ పత్రికకు. ఆయన మూడువందల నలభై పేజీలు ఏం చేసుకోవాలో సలహా అడిగితే, పొయ్యి దగ్గరే ఉంటుంది కదా.

8. ఈ ఇల్లు, దీని వెనక బ్లూబెర్రీ దిబ్బ వెర్నా టిబెట్స్‌కు సర్వహక్కులతో చెందాలి. ఎనాక్ పేర రాస్తే తీసుకోడు. వెర్నా తీసుకుంటుంది, ఆమెకు బుద్ధి ఉంది. ఇంటి పైకప్పు వాయవ్యం మూల కారుతోంది, ఎనాక్ బాగుచేస్తాడు. చెయ్యమని ఎవరూ చెప్పకపోతే ఇంకా తొందరగా చేస్తాడు.

9. ఇక్కడితో ముగించి సంతకం చేద్దామనుకున్నాను. నిన్న అయోనీ ఫార్నమ్ ఇదంతా చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నిద్రొచ్చిందా?" అన్నాను.

"రాలేదండీ. ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఇది రాయడానికి మీకు వారం పట్టింది. మీ తమ్ముడి ఇంటికి నడిస్తే పది నిమిషాలు. మీరు పోయేదాకా ఆయనెందుకు ఆగాలి? ఆయనే ముందు పోతే?"

నేను కోప్పడ్డాను. చచ్చాక నిజం చెప్పడంలో ఉన్న సుఖం ఆ పిల్లకేం తెలుసు? ఎదుటివాడి మొహం చూడక్కర్లేదు. మా నాన్నకు ఆ సుఖం బాగా తెలుసు. ఆ మాట మనసులో అనుకున్నాక ఇక కోపం నిలబడలేదు. ఎనాక్‌కు కబురు పెట్టాను. ఈ ఉదయం వచ్చాడు. ఇరవై ఐదేళ్ళ తర్వాత ఈ గుమ్మం దాటి లోపలికొచ్చాడు. కాఫీ ఇస్తే తాగలేదు.

ఐదో అంశం చదివి వినిపించాను. రెండుచోట్ల ఆగి ముక్కు తుడుచుకున్నాను. చలికాలం కదా.

అతను బల్ల వంకే చూస్తూ విన్నాడు. "అంటే, అది చెత్తా?" అన్నాడు.

"చెత్తే."

"నేనడిగిన రోజుకే నీకు తెలుసా?"

"తెలుసు."

"ముప్పై ఒక్క ఏళ్ళక్కా" అన్నాడు. కేకలెయ్యలేదు, వేస్తే బాగుండుననిపించింది. లేచి కిటికీ దగ్గరికెళ్ళి నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆ వీపు నాన్న వీపు లాగే ఉంది. క్షమించానని అతను అనలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఆరో అంశం చదివాను. "నాన్న సంగతి తీసెయ్యి" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"తియ్యను."

రేవులో ఎవరో ఇంజను స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది అందుకునేదాకా ఇద్దరం వింటూ ఉన్నాం.

"తియ్యకపోతే మరి, నువ్వు చచ్చేదాకా ఆగడం దేనికి?" అన్నాడు. "డోర్కస్‌కి గుండె బాలేదు. ఆవిడ వినాలి గదా. ఊరిసభలో నేను చదువుతాను. నీ పక్కన నిలబడి కాదు, నా అంతట నేను."

కాబట్టి ఆరో అంశంలో "నా మరణానంతరం జరిగే మొదటి" అనే మాటలు కొట్టివేసి "వచ్చే" అని దిద్దడమైనది. దిద్దిన చోట చిన్న సంతకం చేశాను. చదివేది ఎనాక్ టిబెట్స్.

పోబోతూ గుమ్మంలో ఆగాడు. "ఆ పేజీలు నీ దగ్గరున్నాయటగా. వెర్నా చెప్పేసింది. ఓసారి చూడనా?"

ఇచ్చాను. కిటికీ వెలుతురులో నిలబడి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, పెదాలు కదుపుతూ, పదకొండు పేజీలూ చదివాడు. మచ్చపడ్డ కుడిచేత్తో ఒక్కో పేజీ జాగ్రత్తగా తిప్పాడు. నా పుస్తకాల మీద వ్యాసాలు రాసిన పెద్దమనుషులెవ్వరి కోసమూ నేను అంత ఊపిరి బిగబట్టి కూర్చోలేదు.

చివరి పేజీ కింద పెట్టాడు.

"నిజమేనే అక్కా. అస్సలు బాలేదు" అన్నాడు.

ఒంటి మీద కారం పోసినట్టయింది. ఈ మాట కోసమే వారం రోజులు కూర్చుని ఇంత రాసినదాన్ని, "213లో రెండో పేరా అంత తీసిపారెయ్యాల్సిందేం కాదు" అన్నాను.

అతను మళ్ళీ కళ్ళజోడు దించుకుని ఆ పేరా ఇంకోసారి చదివాడు. "అదీ బాలేదు" అని చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చుని, చల్లారిన కాఫీ తాగాడు.

పై అంశాలన్నిటికీ కట్టుబడి ఉన్నాను. ఆ పేజీల గురించి నా తమ్ముడి అభిప్రాయంతో కూడా, 213వ పేజీ రెండో పేరా మినహాయించి, ఏకీభవిస్తూ, ఈ వీలునామా మీద సంతకం చేస్తున్నాను.

టార్బెల్ హార్బర్,
1978 నవంబరు 14.

(సంతకం)
ఓర్ఫా టిబెట్స్

మా ఎదుట ఆమె చదివి, ఒప్పుకుని, సంతకం చేసినదానికి సాక్షులు:

1. హిరామ్ డన్‌బార్, పోస్టుమాస్టరు
2. కార్డీలియా వాస్, చేపల ఫ్యాక్టరీ మాజీ మేస్త్రీ